ఇంజిన్ పదమూడేళ్లు వస్తుంది, మరి ఛాసిస్?

ప్రశ్న: నేను విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తోలుతాను. వారంలో నాలుగు రోజులు అనకాపల్లి, చోడవరం. రెండు రోజులు అరకు వైపు సంతలకు. ఐసుతో కలిపి లోడు టన్నుంపావు దాకా ఉంటుంది. వచ్చేటప్పుడు కొండ మీద నుంచి కూరగాయలు వేసుకొస్తాను. ఇప్పుడున్న పికప్ ముసలిదైపోయింది, ఇంజిన్ పని పడిందంటున్నారు. కొత్తవాటిలో బొలెరో పికప్, టాటా యోధ, ఇంట్రా వీ50 చూశాను. ఒక సెకండ్ హ్యాండ్ ఇసుజు డీ-మ్యాక్స్ కూడా బేరానికి ఉంది. మా బావ టెక్సాస్‌లో రామ్ ట్రక్కు నడుపుతాడు. "ఇంజినంటే కమిన్స్ ఒక్కటే, మిగతావన్నీ డొక్కులు, మీ దగ్గర దొరికేవేవీ నిలవవు" అంటాడు. ఐదు లక్షల కిలోమీటర్లు ఇంజిన్ విప్పకుండా నడిచే బండి ఏదో ఒక్క మాటలో చెప్పండి. లేకపోతే పాతదానికే ఇంజిన్ పని చేయించుకోవడం మేలా?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఒక్క మాటలో అడిగారు కాబట్టి ముందు ఆ మాట చెప్పేస్తాను. మీ పనికి బొలెరో పికప్ తీసుకోండి. అది కుదరకపోతే యోధ. ఇంట్రా మంచి బండే కానీ మీ అరకు రోజులకు సరిపోయేది కాదు. ఇసుజు సంగతి చివర్లో చెబుతాను. ఎందుకన్నది తెలియకుండా కొంటే మాత్రం ఏ ఇంజినైనా మూడేళ్లలో పాడుచేసుకోవచ్చు. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మీ బావగారి సంగతి తేల్చేద్దాం. ఆయన చెప్పేది పూర్తిగా తప్పేం కాదు. అమెరికాలో డాడ్జ్ పికప్‌లలోకి (ఇప్పుడు రామ్ అంటున్నవి అవే) కమిన్స్ 5.9 లీటర్ల ఇంజిన్ వచ్చింది 1989 మోడల్‌తో. ఆరు సిలిండర్లు వరసగా ఉంటాయి. ఇంజిన్ ఒక్కటే సుమారు 500 కిలోల బరువు. అది పికప్ కోసం పుట్టింది కూడా కాదు. పొలం యంత్రాలకూ మధ్యరకం లారీలకూ చేసినదాన్ని తెచ్చి పికప్‌లో కూర్చోబెట్టారు. ఇంకో ముచ్చట చెప్పనా? 1993లో టాటాలు, కమిన్స్ కలిసి జంషెడ్‌పూర్‌లో కంపెనీ పెట్టి ఆ 5.9 పుట్టిన బీ-సిరీస్ కుటుంబం ఇంజిన్లనే మన టాటా లారీల కోసం తయారు చేశారు. మన పోర్టు రోడ్డులో బొగ్గు తోలిన పాత టాటాల్లో కొన్నిటికి ఉన్నది మీ బావ ఇంజిన్‌కు స్వయానా తోబుట్టువే. ఈసారి ఫోన్ చేసినప్పుడు చెప్పండి, కాస్త తగ్గుతాడు.

మిగతావన్నీ డొక్కులనడం మాత్రం అభిమానం కొద్దీ అనే మాట. అక్కడ మూడు పార్టీలున్నాయి, కమిన్స్ వాళ్లు, ఫోర్డ్ పవర్ స్ట్రోక్ వాళ్లు, జీఎం డ్యూరామ్యాక్స్ వాళ్లు. మన దగ్గర హీరోల అభిమానులు కొట్టుకున్నట్టే కొట్టుకుంటారు. ఫోర్డ్‌లో పాత 7.3 లీటర్ల ఇంజిన్‌ను అందరూ మెచ్చుకుంటారు. 2003లో దాని బదులు వచ్చిన 6.0 మాత్రం మెకానిక్కులకు చేతినిండా పని పెట్టింది. ఆయిల్ కూలర్ సందులు పూడుకుపోయేవి. దాంతో ఈజీఆర్ కూలర్‌కు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేముందు చల్లబరిచేది) నీళ్లు సరిగా అందక అది పగిలేది, ఆ తర్వాత హెడ్ గాస్కెట్ పోయేది. 2001లో వచ్చిన మొదటి డ్యూరామ్యాక్స్‌కు ఇంజెక్టర్ల గొడవ. ఈ డ్యూరామ్యాక్స్ జీఎం, ఇసుజు కలిసి చేసింది, అంటే మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి పికప్‌లు చేస్తున్న ఇసుజుయే. ఇక బావగారి కమిన్స్‌కు? పాత 5.9లో టైమింగ్ గేర్ల దగ్గర చిటికెన వేలంత ఉక్కు పిన్ను ఒకటి వణుకుకు మెల్లగా బయటికొచ్చి గేర్లలో పడేది. ఆ పిన్నుకు అక్కడివాళ్లు పెట్టిన ముద్దుపేరు కిల్లర్ డవెల్ పిన్, పేరులోనే హంతకుడు ఉన్నాడు. 2019, 2020 రామ్ ట్రక్కులనైతే హై ప్రెజర్ డీజిల్ పంపు కోసం కంపెనీయే వెనక్కి పిలిపించింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పోయినవేవో ఒకసారి చూడండి. కూలర్, ఇంజెక్టర్, పంపు, పిన్ను. క్రాంక్, పిస్టన్, బ్లాకు వాటంతట అవి అరిగి పోయిన కథలు ఈ మూడు పార్టీల్లోనూ తక్కువే. మన ఆటోనగర్‌లో హెడ్ విప్పి బల్ల మీద పెట్టిన ఏ ఇంజిన్ దగ్గరికైనా వెళ్లి ఎందుకు విప్పారని అడగండి. పదింట్లో ఎనిమిదిసార్లు వేడెక్కిందనో, దుమ్ము తిన్నదనో, ఆయిల్ లేదనో చెబుతారు. వయసైపోయి వచ్చిన ఇంజిన్ కనపడితే ఆ ఓనరుకు దండం పెట్టొచ్చు.

అయినా డిజైన్‌కు లెక్క లేదా అంటే ఉంది. నేను చూసే లెక్క ఒకటే, ఇంజిన్ సైజులో లీటరుకు ఎంత హార్స్‌పవర్ పిండుతున్నారు అన్నది. తొలి కమిన్స్ 5.9 లీటర్లకు 160 హార్స్‌పవర్ ఇచ్చేది. అంటే లీటరుకు 27. ఎద్దుకు మోయగలిగిన దాంట్లో సగమే వేసి తోలినట్టు. అందుకే అది అంతకాలం నడిచింది. ఇప్పటి రామ్‌లోని 6.7 లీటర్ల హై అవుట్‌పుట్ ఇంజిన్ 400 దాటింది, లీటరుకు 60 పైన. బావగారిది కొత్త బండైతే, పాత బండి సంపాదించిన పేరును ఆయన వాడుకుంటున్నారన్నమాట.

ఇప్పుడు అదే లెక్క మీ నాలుగు బళ్లకు వేద్దాం. బొలెరో పికప్ 2523 సీసీ, మోడల్‌ను బట్టి 75 నుంచి 80 హార్స్‌పవర్. లీటరుకు 30 చిల్లర. ఇసుజు డీ-మ్యాక్స్ మామూలు పికప్ 2499 సీసీ, 78. అదీ దాదాపు అంతే. యోధ 2179 సీసీ, 100, అంటే లీటరుకు 46. ఇంట్రా వీ50కి 1496 సీసీలోనే 80, అంటే 53. చూశారుగా, బొలెరో పాత కమిన్స్ స్వభావానికి దగ్గర, ఇంట్రా కొత్త కమిన్స్‌కు దగ్గర.

ఈ ఒక్క అంకె చూసి ఇంట్రాను తీసిపారేయకండి. చిన్న ఇంజిన్లకు ఇప్పుడు మంచి లోహం, మంచి కూలింగ్ పెడుతున్నారు. మీ లోడు ఊళ్లో పూర్ణా మార్కెట్‌కో, ఎంవీపీ రైతు బజారుకో అయితే నేనే ఇంట్రా తీసుకోమనేవాణ్ని. డీజిల్ కలిసొస్తుంది, సందుల్లో తిరుగుతుంది. కానీ శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలైన దగ్గర్నుంచి అనంతగిరి పైకి వెళ్లేదాకా చిన్న ఇంజిన్ చాలాసేపు తన బలమంతా పెట్టి లాగాల్సి వస్తుంది. అక్సిలరేటర్ కింద దాకా తొక్కి, రెండో గేరులో, వేసవి మధ్యాహ్నం, వారానికి రెండుసార్లు. యోధకు 250 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) తక్కువ ఆర్‌పీఎంలోనే అందుతుంది కాబట్టి ఘాట్ మీద అది బొలెరో కంటే హాయిగా ఎక్కుతుంది. అయినా బొలెరోకే నా ఓటు ఎందుకంటే, దాని ఇంజిన్ మోటుది. చోడవరంలో ఆగినా, శృంగవరపుకోటలో ఆగినా దాన్ని విప్పి బిగించిన చెయ్యి ఒకటి దొరుకుతుంది. యోధ డ్రైవరు సీట్లో కూర్చుని మీ నడుముకు అది బాగుందనిపిస్తే యోధే తీసుకోండి, నేనేమీ అనుకోను.

ఇక మన విశాఖలో ఇంజిన్ ఎలా చస్తుందో చెబుతాను. అసలు కథంతా ఇక్కడే ఉంది.

మొదటిది నీళ్లు. ఒకప్పుడు నాకూ ఒక లోడు బండి ఉండేది. ఒక మెకానిక్ దాని థర్మోస్టాట్ వాల్వ్ (నీళ్ల వేడిని నిలకడగా ఉంచేది) పీకేసి, "ఇక బండి చల్లగా ఉంటుంది సార్, ఘాట్‌కి భయం లేదు" అన్నాడు. నేనూ తలూపాను. రేడియేటర్‌లో తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసేవాళ్లం. మన సముద్రం పక్క బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండో వేసవిలో అనంతగిరికి రెండు మలుపుల కింద తెల్ల పొగ కొట్టి ఆగింది. హెడ్ విప్పాక చూస్తే లోపలి నీళ్ల దారుల్లో తెల్లగా గార కట్టి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే సున్నంలా రాలింది. వేలు పట్టే రంధ్రంలో అగ్గిపుల్ల పట్టడం లేదు.

ఆ వాల్వ్ పీకించడం ఇంకా పెద్ద తప్పని తర్వాత తెలిసింది. డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ చల్లగా ఉండాలనుకోవడం మనలో చాలామందికి ఉన్న భ్రమ. నీళ్ల వేడి 80 డిగ్రీలు దాటి స్థిరంగా ఉంటేనే డీజిల్ పూర్తిగా కాలుతుంది. చల్లగా తిరిగే ఇంజిన్‌లో మసి ఎక్కువ చేరుతుంది, సిలిండర్ గోడల మీద తేమ, ఆమ్లం చేరి రింగులు త్వరగా అరుగుతాయి. కంపెనీ చెప్పిన కూలెంట్ పోయించండి. వాల్వ్ పీకేద్దామన్న మెకానిక్‌కు టీ ఇప్పించి పంపేయండి.

రెండోది దుమ్ము. హార్బర్ పక్కనే పోర్టు. బొగ్గు, ఐరన్ ఓర్ దుమ్ము ఆ చుట్టుపక్కల ఇళ్ల గడపల మీదే నల్లగా కనిపిస్తుంది, మీ ఎయిర్ ఫిల్టర్‌లో చేరదా? మనవాళ్లు ఫిల్టర్ తీసి టైర్ల షాపులో కంప్రెసర్ గాలి దగ్గరగా పెట్టి కొట్టిస్తారు. ఫిల్టర్ శుభ్రంగా కనపడుతుంది, కాగితం మాత్రం కంటికి కనపడనంతగా చిరుగుతుంది. ఆ చిరుగులోంచి వెళ్లిన దుమ్ము పిస్టన్ రింగులకు గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ఫిల్టర్ ధర ఎంతని? కంపెనీ చెప్పిన దూరం కంటే ముందే మార్చేయండి. గాలి గొట్టం క్లిప్పులు బిగుతుగా ఉన్నాయో లేదో మీరే చేత్తో కదిపి చూసుకోండి.

మూడోది మీ పాత బండికి లేనిది, కొత్త బండితో వచ్చేది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు కదా. సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అని ఒక జల్లెడ ఉంటుంది, మసిని పట్టి ఉంచుతుంది. మసి నిండాక ఇంజినే అదనంగా డీజిల్ పంపి ఆ జల్లెడను 600 డిగ్రీల దాకా వేడెక్కించి కాల్చేస్తుంది. ఇది జరగాలంటే బండి ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో నడవాలి. మీకు అదృష్టం ఏమిటంటే గాజువాక దాటాక అనకాపల్లి దాకా హైవేనే, ఆ పని దానంతటదే అయిపోతుంది. చెడ్డ అలవాటల్లా హార్బర్‌లో తెల్లవారుజామున వేలం అయ్యేదాకా, ఐసు మర పట్టేదాకా ఇంజిన్ ఆన్‌లోనే ఉంచడం. ఖాళీగా తిరిగే ఇంజిన్ ఇచ్చేది మసే. జల్లెడ కాలుతుండగా మధ్యలో బండి ఆపేస్తూ ఉంటే ఆ అదనపు డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. గేజి తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి కనిపిస్తుంది. "మా బండి ఆయిల్ తాగదండీ" అని మురిసిపోయే ఓనర్లున్నారు. ఆయిల్ పెరిగిందంటే పలచబడిందని, బేరింగులకు ఇక దిక్కులేదని అర్థం. అలా కనపడితే ఆ రోజే మార్పించండి. ఆయిల్ కూడా బీఎస్6కి పనికొచ్చే సీకే-4 గ్రేడు లాంటిదో, మీ బండి పుస్తకంలో రాసిందో పోయించాలి. డ్రమ్ములో నుంచి లూజుగా పోసేది వద్దు. బూడిద ఎక్కువున్న ఆయిల్ ఆ జల్లెడను పూడ్చేస్తుంది, మసి కాలుతుంది గానీ బూడిద కాలదు.

కొన్ని మోడళ్లలో యాడ్‌బ్లూ అని, పొగలోని విషవాయువులు తగ్గించే ద్రవం కూడా పోస్తుండాలి. కొనేముందే అడగండి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

టర్బో గురించి రెండు ముక్కలు. ఘాట్ ఎక్కి కాఫీ కోసం ఆగినప్పుడు వెంటనే ఆఫ్ చేయకండి. ఒక రెండు నిమిషాలు అలా తిరగనివ్వండి. లేకపోతే ఎర్రగా కాలి ఉన్న టర్బోలో ఆయిల్ కదలిక ఆగి మాడి అంటుకుంటుంది. హార్బర్‌లో ఆపమన్నాను, ఇక్కడ ఆపొద్దంటున్నాను, తికమక పడకండి. రెండు నిమిషాలు వేరు, రెండు గంటలు వేరు. అలాగే వానాకాలంలో జ్ఞానాపురం రైలు వంతెన కింద నీళ్లు నిలిచినప్పుడు బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తోయించుకుని బయటపడండి.

ఇంతసేపూ ఇంజిన్ గురించే మాట్లాడాం. ఇప్పుడు కాగితం తీసి ఒక లెక్క వేయండి. మీ వారానికి సుమారు 900 కిలోమీటర్లు. ఏటా సముద్రంలో చేపల వేట నిషేధం 61 రోజులు తీసేస్తే ఏడాదికి 43 వారాలు. అంటే 39 వేలకు కాస్త తక్కువ. ఐదు లక్షలు తిరగాలంటే 13 ఏళ్లు. పైన చెప్పినవి పాటిస్తే బొలెరో, యోధ రెంటి ఇంజిన్లూ అంత దూరం లాగుతాయన్న నమ్మకం నాకుంది. చేపల బండి ఛాసిస్, అంటే అడుగున బండిని మోసే ఇనుప చట్రం మాత్రం 13 ఏళ్లు రాదు, మామూలుగా వాడితే.

హార్బర్‌లో ఒకరోజు బళ్ల కింద వంగి చూడండి. పెట్టెల్లోంచి కరిగిన ఐసు నీళ్లు, చేపల రసం, సముద్రపు ఉప్పు అన్నీ కలిసి తొట్టి చెక్కల సందుల్లోంచి చుక్కచుక్కగా ఛాసిస్ మీద పడుతుంటాయి. అదీ ఎక్కడ? వెనక కమాన్ పట్టీలు బిగించే బ్రాకెట్ దగ్గర, అడ్డ మెంబర్ (ఛాసిస్‌కు అడ్డంగా ఉండే ఇనుప దూలం) లోపలి మూలలో. అక్కడ బురద, పొలుసు కలిసి ముద్ద కట్టి తడి ఎప్పటికీ ఆరదు. పైన రంగు నిగనిగలాడుతుంటుంది, లోపల ఇనుము పొరలు పొరలుగా అప్పడంలా లేస్తుంది. బ్రేకు పైపులకూ అదే గతి. ఇంజిన్ల మీద ఇంత వాదించుకునేవాళ్లు ఈ మూలను ఎందుకు చూడరో నాకెప్పటికీ అర్థం కాదు.

అందుకని బండి కొన్న వారంలోనే, లోడు ఎత్తకముందే, రెండు పనులు చేయించండి. తొట్టిలో కిందంతా రేకు పరిపించి, అతుకులు వెల్డింగ్ చేయించి, నీళ్లన్నీ వెనక ఒక మూలకు వచ్చి పైపులోంచి చక్రాల వెనక పడేలా వాలు పెట్టించండి. ఛాసిస్‌కు అడుగు నుంచి, డబ్బా మెంబర్ల లోపల కూడా, తుప్పు పట్టని కోటింగ్ వేయించండి. రోజూ లోడు దించాక మంచినీళ్లతో కింద కడగాలి. కడగడమంటే పైన అద్దాలు తుడవడం కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవలు ఎలాగూ కదలవు. ఆ రెండు నెలల్లో తొట్టి దింపించి ఛాసిస్ గీకించి మళ్లీ కోటింగ్ వేయించుకోవచ్చు. కూలెంట్, బెల్టులు, హోస్ పైపుల పనులు కూడా అప్పుడే పెట్టుకోండి. బండిని మాత్రం రెండు నెలలు కదపకుండా ఉంచొద్దు. వారానికోసారి హైవే మీద ఒక అరగంట తిప్పి తీసుకురండి. ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ ట్యాంకులో మన ఉక్కపోత గాలికి నీరు పడుతుంది, అది ఇంజెక్టర్లకు విషం.

ఇసుజు విషయం. ఇంజిన్ మంచిదే, ఆ 2.5 లీటర్ల కుటుంబానికి చాలా దేశాల్లో మంచి పేరుంది. కాకపోతే విడిభాగాలు బొలెరోకు దొరికినట్టు ప్రతి షాపులో దొరకవు, చేపలు ఐసులో ఉండగా బంపర్ దగ్గర్నుంచి బ్రేకు దాకా ఆర్డరు పెట్టి ఎదురుచూడటం మీ వ్యాపారానికి కుదరదు. అయినా ధర బాగా తగ్గించి ఇస్తున్నారంటే, పొద్దున్నే వాళ్లు స్టార్ట్ చేయకముందు వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపు ఒకసారి తిప్పేశారని. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీసి పక్కన పెట్టండి. సన్నగా ఆవిరి వస్తే పర్వాలేదు, గుప్పుగుప్పున పొగ తంతోందంటే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు అరిగి సిలిండర్‌లోని పొగ కిందికి దిగుతోంది. ఆ మూత అడుగున పాల టీ రంగులో జిగురు కనపడితే ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉండొచ్చు, బేరం ఆపేయండి. బీఎస్6 బండైతే డీపీఎఫ్ పీకి ఖాళీ పైపు పెట్టారేమో కింద చూడండి. పొల్యూషన్, ఫిట్‌నెస్ రెండూ మీ నెత్తిన పడతాయి.

చివరగా మీ పాత బండి. ఇంజిన్ పని చేయించాలా వద్దా అని అడిగారు. దానికి మెకానిక్ కంటే ముందు ఒక చిన్న సుత్తి కావాలి. తొట్టి ఖాళీ చేసి, బండి కిందకి దూరి, వెనక కమాన్ పట్టీల బ్రాకెట్లు, అడ్డ మెంబర్ మూలలు, ఇంకా క్యాబిన్ వెనక ఛాసిస్ రెండు వైపులా మెల్లగా కొట్టుకుంటూ రండి. కంచం మీద కొట్టినట్టు ఖంగుమంటే ఇనుము ఉంది, సిలిండర్లు బోరు చేయించి పిస్టన్లు మార్పించి ఇంకో నాలుగైదేళ్లు తోలండి, కొత్త బండి అప్పు టెన్షన్ తప్పుతుంది. కొట్టిన చోట మెత్తగా శబ్దమొచ్చి తుప్పు పెచ్చులు మొహం మీద రాలితే ఆ ఇంజిన్ మీద రూపాయి పెట్టకండి. కొట్టేటప్పుడు కళ్లు మూసుకోండి.